దాతకును గ్రహీతకును నడుమ

దానమును గూర్చి మన ధర్మగ్రంథములు ఎంతో విస్తారముగా చర్చించినవి. ఏ దేశమున, ఏ కాలమున, ఎట్టి పాత్రునకు ఈయవలెనో భగవద్గీత పదునేడవ అధ్యాయము వివరించుచున్నది. ఏ భావముతో ఈయవలెనో తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి బోధించుచున్నది. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని ఇట్లు నియమములు పెక్కు గలవు. కాని నేటి కాలమున దానము కేవలము ఈ యిరువురి నడుమనే జరుగుట అరుదు. మూడవవా డొకడు వచ్చి చేరినాడు. రసీదు పుస్తకము చేతబట్టుకొని ఇంటి గుమ్మమున నిలిచి, పరులకొఱకు పరులను యాచించువాడే ఆ మూడవవాడు. అతడు దాత కాడు, ఏలనన ఆ ధనము అతనిది కాదు. గ్రహీతయు కాడు, ఏలనన అతనికి ఆ ధనముతో పని లేదు. అయినను దాతయొక్క శ్రద్ధయు, గ్రహీతయొక్క ఆశయు కొంతకాలము అతని సంచిలోనే యుండును. ఆ కొంతకాలమునకు వర్తించు ధర్మ మెట్టిది?

ఈ ప్రశ్నను గాలిలో విచారించుటకంటె ఒక చోటును ఎదుట నుంచుకొని విచారించుట మేలు. జార్ఖండు రాష్ట్రమున, తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో, టాటానగర్ రైలు నిలయమునకు చేరువనే పర్సుడీహ్ అను ఊరు కలదు. 1907లో స్థాపింపబడిన టాటా ఉక్కు సంస్థ 1912లో తొలి ఉక్కును తయారుచేసిన నాటినుండి ఆ ప్రాంతమునకు నలుదిక్కులనుండి శ్రామికులు వచ్చి చేరిరి. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి మార్గములు ఒకవంక వాల్తేరును, ఒకవంక నాడు కాళీమాటి యనబడిన ఈ నిలయమును కలుపుచుండుటచే ఉత్తరాంధ్రమునుండి వచ్చిన తెలుగువారును వారిలో చేరిరి. 1919లో లార్డు చెమ్స్‌ఫర్డు ఆ నగరమునకు జంషెడ్‌పూర్ అని నామకరణము చేసెను. తరములు గడచినవి. వారి మనుమలు హిందీలో చదువుకొనిరి. అయినను శ్రీరామనవమి పందిరికిని, వినాయక చవితికిని, స్వస్థలమున సంభవించిన ఆపదకును వారు చందా లెత్తుట మానలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసినది. అట్టి వార్త పర్సుడీహ్‌లోని ఒక తెలుగు వీధికి చేరిన సాయంకాలమును పాఠకుడు ఊహించుకొనవచ్చును. పనినుండి వచ్చిన పదిమంది ఒక అరుగుమీద కూర్చుందురు. ఒకడు బడిపిల్లవాని నోటుపుస్తకము తెచ్చును. మఱునాటినుండి ఇంటింటికి తిరుగుట ప్రారంభమగును. వారి హృదయము మంచిదే. కాని ఆ నోటుపుస్తకపు మొదటి పుటలో ఏమి వ్రాయబడినదో దానిపై, ఆరు మాసముల తరువాత ఆ పదిమంది ఒకరి ముఖ మొకరు చూడగలరా లేదా యనునది ఆధారపడియున్నది.

మొదట వ్రాయవలసినది ప్రయోజనము. ఈ విషయమున మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము మిక్కిలి స్పష్టముగా నున్నది. పదునెనిమిది వ్యవహారపదములలో నిక్షేపమునకు, అనగా ఒకరు మఱియొకరియొద్ద దాచిన సొమ్మునకు, రెండవ స్థానము ఈయబడినది. ఇచ్చిన దానిని గూర్చిన వివాదమునకు వేఱొక స్థానము కలదు. ధర్మకార్యమునకని యాచించిన వానికి ధన మీయబడి, పిదప అది ఆ కార్యమునకు వినియోగపడనిచో ఆ దానము చెల్లదని అచ్చట నిర్ణయము. గర్వముచేతనో లోభముచేతనో వాడు ఆ ధనమును విడువనిచో రాజు వానిచేత ఒక సువర్ణము దండుగ కట్టింపవలెను. ఆ దండుగ దేనికి? చౌర్యమునకు. స్మృతికర్త ఇచ్చట మెత్తని మాట ఏదియు వాడలేదు. ఆ ధనముతో వాడు మద్యము త్రాగెనా, లేక మఱియొక సత్కార్యమే చేసెనా అని విచారింపనైనను లేదు. చెప్పిన పని చేయలేదు, అంతియే.

నేటి చట్టమును ఇంచుమించుగ ఇదే మాట చెప్పుచున్నది. నమ్మి అప్పగింపబడిన సొత్తును అన్యథా వినియోగించుట విశ్వాసఘాతుక నేరము. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 405వ సెక్షను మొదలుకొని చెప్పబడెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షనుగా నున్నది.

స్వామి వివేకానందుడు తన సోదర సన్న్యాసులకు వ్రాసిన లేఖలలో లెక్కలను గూర్చి మరల మరల హెచ్చరించెను. ఒక పనికై వచ్చిన ధనమును, తాము పస్తుండవలసి వచ్చినను, వేఱొక పనికి వెచ్చింపరాదని ఆయన ఆదేశము. 1897లో ముర్షిదాబాదు జిల్లాలోని మహులాయందు స్వామి అఖండానందుడు క్షామబాధితుల సేవ నారంభించిన కాల మది. భిక్షాన్నముతో జీవించువారికి ఇట్టి హెచ్చరిక ఏల అని తోచవచ్చును. తనకొఱకు ఏమియు కోరనివానికే ఈ ప్రమాదము అధికము. తాను స్వార్థపరుడు కాడను నమ్మకము అతనిని నిర్లక్ష్యమునకు ఈడ్చును. "నేను తిన్నానా?" అను ప్రశ్నతో లెక్క ముగిసినదని అతడు భావించును.

ఇచ్చట తెలుగువాడెవడైనను భద్రాచల రామదాసును స్మరింపక మానడు. కంచెర్ల గోపన్న గోలకొండ నవాబు అబుల్ హసన్ తానాషా పాలనలో, అనగా పదునేడవ శతాబ్ది చివరి పాదమున, తహసీలుదారుగా నుండి సర్కారు పన్నుల సొమ్మును వెచ్చించి భద్రాద్రి రామునకు ఆలయము కట్టించెననియు, అందులకు చెఱసాల ననుభవించెననియు ప్రసిద్ధి. ఆయన భక్తిని శంకించువాడు మన దేశమున లేడు. అయినను ఆ కథను చెప్పుకొనిన భక్తులు ఆయన చేసినది ఒప్పని తేల్చి ఊరకుండలేదు. ఐతిహ్యము ప్రకారము రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో రాత్రివేళ తానాషా శయనాగారమునకు వెళ్లి, బాకీ యంతయు నాణెములుగా చెల్లించి, చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని గోపన్న తలక్రింద నుంచిరి. భగవంతుడు తలచినచో చెఱసాల గోడలు కూలిపోయెడివి. కాని కథ అట్లు సాగలేదు. సొమ్ము సొమ్ముగనే తీరవలసివచ్చినది, రసీదును పుట్టవలసివచ్చినది. ఒక కార్యము ఎంత పవిత్రమైనను, దానికొఱకు మఱియొక కార్యపు సొమ్మును వాడినవాడు ఋణగ్రస్తుడే యని ఆ కథను అల్లిన ప్రజ ఎఱుగును.

కావున పర్సుడీహ్ వీధివారు తమ పుస్తకముపై "తుపాను సహాయము" అని మాత్రమే వ్రాసికొనిన చాలదు. ఏ జిల్లాకు, ఏ విధమైన సహాయమునకు, ఎప్పటివఱకు సేకరింతురో, మిగిలినచో ఆ మిగులు దేనికి వినియోగింతురో, ఈ నాలుగు విషయములు రసీదుపైననే అచ్చువేయింపవలెను. నాలుగవది అందఱును మఱతురు. పునాది తవ్వునాడు మిగులును గూర్చి తలచుట అపశకునమని కొందఱి భావము. కాని మిగులు తప్పక వచ్చును, లేదా చాలకపోవును; సరిగా సరిపోవుట లోకమున లేదు. మిగిలిన పదివేలతో వినాయక మండపమునకు దీపములు కొనినచో ఎవరును దొంగిలింపకయే మనువు చెప్పిన చౌర్యము జరిగినట్లే. "ఇట్టి ఇతర ఆపదలయందును వినియోగింపబడును" అను ఒక్క పంక్తి ముందుగా అచ్చయి యుండినచో అదే పదివేలు ధర్మబద్ధముగా మఱుసటి యేటి వఱదకు నిలువయుండెడివి.

రెండవది రసీదు. ఈ విషయమున గాంధీ మహాత్ముని అనుభవము పాఠ్యముగా నున్నది. 1894లో దక్షిణాఫ్రికాలోని నేటాలునందు, తెలుగు తమిళ కూలీలు చెఱకుతోటలలో శ్రమించుచున్న ఆ దేశమున, ఆయన నేటాల్ ఇండియన్ కాంగ్రెసును స్థాపించెను. ప్రతి చిన్న మొత్తమునకును రసీదు ఈయబడవలెనని పట్టుబట్టెను. లెక్కలు శుద్ధముగా లేనిచో సత్యమును శుద్ధముగా నిలుపుట అసాధ్యమని ఆయన ఆత్మకథలో వ్రాసికొనెను. 1894 నాటి ఆ లెక్కపుస్తకములు నేటికిని ఆ సంస్థ కాగితములలో చెక్కుచెదరక దొరకగలవని ధీమాగా చెప్పెను.

ఆ ధీమా వెనుక కఠినమైన ఆచరణ కలదు. 1929 ఏప్రిలులో ఆయన ఆంధ్రదేశమున ఖద్దరు నిధికై ఊరూర తిరిగి చందాలు వసూలు చేయుచుండెను. ఆ నెలలోనే తన "నవజీవన్" పత్రికలో తన సిగ్గును, దుఃఖమును వెల్లడించు ఒక వ్యాసము ప్రకటించెను. ఎవరో ఇచ్చిన నాలుగు రూపాయలను ఆశ్రమ నియమము ప్రకారము కార్యాలయమున జమ చేయక కస్తూరిబాయి తనయొద్ద ఉంచుకొనినదను విషయము దానిలో నున్నది. నాలుగు రూపాయలు! ఆమెవంటి సాధ్వి నామము పత్రికకెక్కింపవలెనా అని నేటికిని కొందఱు నొచ్చుకొందురు. ఆ నొప్పి అర్థము కానిది కాదు. కాని లక్షలకొలది ప్రజలనుండి రాగినాణెములను స్వీకరించుచున్న మనుష్యుడు తన యింటి నాలుగు రూపాయలను దాచినచో ఆ నాణెములను చేతితో తాకుటకు తనకు అర్హత యుండదని తలచెను.

ఆచరణకు వత్తము. రసీదులకు వరుస సంఖ్య లుండవలెను. ఎన్ని పుస్తకములు అచ్చువేయబడినవి, ఏ పుస్తకము ఎవరి చేతి కీయబడినది అను పట్టిక వేఱుగ నుండవలెను. చెడిపోయిన రసీదును చింపివేయక, అడ్డముగ గీత గీసి పుస్తకముననే ఉంచవలెను. ఏ నాటి వసూలు ఆ నాడే చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాకు ఎక్కింపవలెను. వసూలైన నగదునుండి నేరుగా ఖర్చుపెట్టక మొదట బ్యాంకునందు జమకట్టి, ఇద్దఱి సంతకములతో తీయవలెను. నేడు ఫోనుద్వారా సొమ్ము పంపు సదుపాయ మేర్పడిన పిమ్మట ఒక క్రొత్త చిక్కు వచ్చినది. ఉత్సాహవంతుడైన యువకుడు తన సొంత ఖాతా క్యూఆర్ చిత్రమునే చందా పత్రముపై ముద్రించును. అతని జీతము, అతని ఇంటి అద్దె, తుపాను బాధితుల సొమ్ము అన్నియు ఒకే ఏటిలో కలిసిపోవును. ఉప్పును నీటిలో కలుపుట సులభము. వేఱుచేయుట ఆ యువకునివలన కాదు, ఆడిటరువలనను కాదు.

ఇట్టి కట్టుబాట్లు అవమానకరములని తలచువారు లేకపోలేదు. తిరుమల పరకామణిలో హుండీ కానుకలు లెక్కించు సేవకులు జేబులు లేని వస్త్రములు ధరించియే లోనికి పోవలెను. భక్తితో సేవకు వచ్చినవారు అందులకు నొచ్చుకొనుట లేదు. నిజమునకు లెక్కలేమి దొంగను బాధింపదు. దొంగ దానికొఱకే చూచుచుండును. అది బాధించునది నిర్దోషినే. ఎండలో తిరిగి, తన చేతి ఖర్చుతో పనిచేసి, లెక్క మాత్రము నోటితో ఉంచుకొనిన కోశాధికారిని ఒకనాడు ఒకడు ఒక మాట యనును. ఆ మాటకు బదులుగా చూపుటకు అతనియొద్ద కాగితము లేదు. అతడు ప్రమాణములు చేయును, కన్నీరు పెట్టుకొనును, చివరకు సభకు వచ్చుట మానును. పరాయి ప్రాంతమున ఉన్నది గుప్పెడు తెలుగు కుటుంబములు. ఆ పిమ్మట శ్రీరామనవమికి రెండు పందిళ్లు వెలయును. రెండింటను మైకులు మ్రోగును. ఒక పందిరివారి యింటి పెండ్లికి ఇంకొక పందిరివారు పోరు. ఒక చిల్లర పుస్తకము లోపించుటచే కలిగిన నష్టమది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ప్రభుత్వ ధనమును హరించు ఉపాయములు నలువదింటిని లెక్కించి చెప్పెను. హరింపకయే హరించినవాడని అనిపించుకొను ఉపాయము ఒక్కటే, అది లెక్క వ్రాయకుండుట.

మూడవది యాచించు పద్ధతి. గాంధీజీ ఆత్మకథలోనే టోంగాట్ అను ఊరి ముచ్చట యొకటి కలదు. ఆరు పౌనులు ఈయగలడని ఆశింపబడిన గృహస్థుడు మూడింటికంటె ఈయ ననెను. భోజనము సిద్ధముగా నుండెను. వచ్చినవారు ఆరు పౌనులు ఇచ్చువఱకు తినమని రాత్రియంతయు ఆకలితో కూర్చుండిరి. తెల్లవాఱుసరికి ఆయన మెత్తబడి ఆరును చెల్లించి విందు పెట్టెను. ఆ వార్త దూరపు ఊళ్లకు ప్రాకి అచ్చట వసూలు సులభమయ్యెను. కథ రమ్యముగా నున్నది. కాని అట్టి పద్ధతిని అనుకరించుట తగదు. ఆ గృహస్థుడు వారి స్నేహితుడు, ధనవంతుడు. ఆకలిగొన్నవారు తామే బాధ నోర్చిరి. నేడు పండుగ చందా పేరిట పదిమంది యువకులు ఒక చిన్న దుకాణము నెదుట గుమిగూడి మొత్తమును తామే నిర్ణయించి రసీదు చింపి ఇచ్చునపుడు ఆ బాధ ఎవరిది? భయపెట్టి తీసికొనునది దానము కాదు. చట్టమునందు దానికి వేఱు పేరు కలదు. న్యాయ సంహిత 308వ సెక్షను బలవంతపు వసూలును నేరముగా ఎంచినది.

ఇంగ్లండునందు 1939లో ఇంటింటి వసూళ్లకై ప్రత్యేకముగ ఒక చట్టము చేయబడినది. 1947లో దాని నిబంధనలు వెలువడినవి. వసూలుచేయువాడు గుర్తింపు బిళ్లను, అధికారపత్రమును ధరించి పోవలెను. ముద్రవేసిన పెట్టెలోగాని రసీదుపైగాని సొమ్ము స్వీకరింపవలెను. ఇంటివారు విసిగికొనునట్లు ప్రాధేయపడరాదు. పొమ్మనినచో గుమ్మమున నిలువరాదు. చివరి రెండును మర్యాదలే కదా, వానిని చట్టమున చేర్చవలెనా అని తోచును. మర్యాద తప్పినచోటనే చట్టము పుట్టును. మన దేశమున బొంబాయి రాష్ట్రపు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టములో, ఇప్పుడు అది మహారాష్ట్ర పేరిట నున్నది, 41-సి సెక్షను కలదు. నమోదైన ట్రస్టు కాని వారు ధర్మకార్యమునకై సొమ్ము సేకరింపదలచినచో ధర్మాదాయ కమిషనరుకు తెలుపవలెను. గణపతి మండలులవారు ఏటేట ఈ అనుమతికై పోవుట అందులకే.

పర్సుడీహ్‌వంటి చోట ఒక సంఘము స్థిరముగా నిలువదలచినచో మొదటి మెట్టు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము. ఏడుగురు చేరిన చాలును. ఆంధ్రప్రదేశమున 2001లో ఇందులకు వేఱు చట్టము వచ్చినది. 1860 నాటి చట్టమున కార్యవర్గపు పేర్లను ఏటేట రిజిస్ట్రారుకు పంపవలెనని యున్నది. 14వ సెక్షను విశేషముగ గమనింపదగినది: సంఘము రద్దయినచో అప్పులు తీరగా మిగిలిన ఆస్తి సభ్యులలో ఎవరికిని పంచబడదు, వేఱొక సంఘమునకే చెందవలెను. హిందూ ధార్మిక నిధులకు ఆ ప్రాంతమున 1950 నాటి బీహారు చట్టము ఆధారము. 2000 నవంబరు 15న జార్ఖండు ఏర్పడిన పిదప అచ్చటనే బోర్డు కలదు.

రిజిస్ట్రేషను ఉన్నంతమాత్రమున దాతకు ఆదాయపు పన్ను రాయితీ కలుగునని చెప్పుట తగదు. 1961 నాటి చట్టమున 80-జి అనుమతి వేఱుగా పొందవలసియుండెను. 2025లో చేయబడిన క్రొత్త చట్టమున సంఖ్యలు మాఱినను విషయము మాఱలేదు. రెండువేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన దానమునకు ఆ రాయితీ లేదు. అమెరికాలో స్థిరపడిన బంధువు పంపు సొమ్ము విషయమున ఇంకను జాగ్రత్త వలయును. భారత పౌరుడుగనే యుండి తన సంపాదనను బ్యాంకు మార్గమున పంపినచో అది విదేశీ విరాళము కాదు. అతడు పరదేశ పౌరసత్వము స్వీకరించినచో, తెలుగువాడే యైనను, అది విదేశీ విరాళమే. 2010 నాటి చట్టము ప్రకారము అనుమతి లేని సంఘము దానిని స్వీకరింపరాదు. 2020 సవరణ పిమ్మట అట్టి విరాళములు మొదట ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరవలెను.

దారి ఖర్చులను గూర్చి ఒక మాట. సహాయమును మోసికొని ఇద్దఱు పలాసకు పోవలెను. వారి రైలు టిక్కెట్టు నిధినుండి ఈయవచ్చునా? ఈయవచ్చును, దొంగతనముగా భరించుకొనుటకంటె బహిరంగముగా లెక్క వ్రాయుట మంచిది. తమ సొమ్ముతో పోయెదమన్నవారి ఔదార్యము గొప్పదే, కాని వారు దానిని కూడ పుస్తకమున విరాళముగా వ్రాయించుకొనవలెను. లేనిచో మఱుసటి సారి పేదవాడు పోలేడు, పోగలిగినవారే పెద్దలగుదురు.

ఇక దాత యడుగదగిన దేమి? ఇచ్చి మఱచుట పుణ్యమని కొందఱు లెక్క యడుగుటకు సిగ్గుపడుదురు. మఱువవలసినది తాను ఇచ్చితినను అభిమానమును; ఆ సొమ్ము చేరవలసినవానిని కాదు. 1920 నాటి ధార్మిక ట్రస్టుల చట్టము మూడవ సెక్షను ప్రకారము ప్రజాధర్మనిధియందు సంబంధము కలవాడెవడైనను, తన ప్రాంతమున వేఱు శాసనము వర్తించిననే తప్ప, న్యాయస్థానమున అర్జీ పెట్టుకొని నిధి వివరములను కోరవచ్చును, లెక్కలు తనిఖీ చేయింపుడని ప్రార్థింపవచ్చును. అయితే అర్జీకి ముందు మూడు సంవత్సరములకు మించిన లెక్కలకు ఆ హక్కు లేదు. సందేహ మున్నవాడు పదియేండ్లు గొణుగుచుండి, పదునొకండవ యేట సభలో అఱచుటవలన ప్రయోజనము లేకుండుట ఇందువలననే.

పర్సుడీహ్ వీధివారు పలాసనుండి తిరిగివచ్చిన పిదప ఒక ఆదివారము సాయంకాలము అదే అరుగుమీద లెక్క చదువవలెను. ఎవరి పేర నెంత వచ్చినది, ఎచ్చట ఎవరి చేతి కీయబడినది, నిలువ ఎంత, అన్నియు ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. పేరు చెప్పక పది రూపాయలు పెట్టెలో వేసిన పాచిపని చేయు స్త్రీకి రసీదు అందలేదు. ఆ పెట్టెను ముగ్గురి యెదుట తెఱచి లెక్కించితిమని, ఆ మొత్తము ఇంత యని, ఆ కాగితముపై ఒక పంక్తి ఆమెకొఱకు ఉండవలెను. ఆమె చదువలేకపోవచ్చును. కావున దానిని బిగ్గరగా చదువవలెను.